ట్యునీషియా కుటుంబ చట్టం: మారుతున్న దేశంలో షరీఅత్ వ్యాఖ్యానం

పరాయి పాలన నుండి విముక్తి పొందిన ముస్లిం దేశాలన్నీ ఒక ప్రశ్నను ఎదుర్కొన్నాయి. పూర్వపు ఫిఖ్హ్ గ్రంథాలలోని కుటుంబ నియమాలను కొత్త జీవితానికి ఎట్లా అన్వయించాలి? అంతకు ముందే టర్కీ 1926లో స్విట్జర్లాండ్ పౌరస్మృతిని స్వీకరించి పాత విధానాన్ని పక్కన పెట్టింది. ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా మాత్రం వేరొక మార్గం తొక్కింది. తన సంస్కరణ షరీఅత్‌కు వెలుపలిది కాదనీ, దాని వ్యాఖ్యానమేననీ చెప్పుకొన్నది. ఆ వాదం ఎంతవరకు నిలిచిందో ఇక్కడ పరిశీలిద్దాము.

ట్యునీషియాకు 1956 మార్చి 20న స్వాతంత్ర్యం లభించింది. ఐదు నెలలైనా గడవకముందే, ఆగస్టు 13న, ప్రధానమంత్రి హబీబ్ బూర్గీబా ప్రభుత్వం వ్యక్తిగత హోదా స్మృతిని ప్రకటించింది. 1957 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. వివాహానికి వధూవరులిద్దరి సమ్మతి తప్పనిసరి అయింది. భర్త నోటిమాటతో తలాఖ్ చెల్లే పద్ధతి పోయి, విడాకులు న్యాయస్థానంలోనే జరగాలన్న నియమం వచ్చింది. భార్య కూడా విడాకులు కోరవచ్చును. బహుభార్యాత్వం నిషిద్ధమై, ఏడాది జైలుశిక్షకు, జరిమానాకు తగిన నేరమయింది. మహర్, వారసత్వ భాగాలు మాత్రం యథాతథంగా నిలిచాయి.

ఈ ఆలోచనకు బీజం 1930లోనే పడింది. జైతూనాలో చదివిన తాహిర్ హద్దాద్ ఆ సంవత్సరం షరీఅత్‌లోను, సమాజంలోను స్త్రీ స్థానాన్ని గురించి ఒక గ్రంథం ప్రచురించారు. ఇస్లాం స్థాపించదలచిన శాశ్వత సూత్రాలు వేరు, అది అవతరించిన నాటి సమాజంలో ఎదురైన ఆచారాలు వేరు అన్నది ఆయన వాదం. బానిసత్వాన్ని ఒక్కసారిగా రద్దు చేయకపోయినా విముక్తి వైపే దారి చూపినట్లు, స్త్రీల విషయంలోను ధర్మం క్రమక్రమంగా న్యాయం వైపు నడిపించిందని ఆయన వివరించారు. ఉలమాలు ఆ గ్రంథాన్ని తీవ్రంగా ఖండించారు. హద్దాద్ జీవనాధారమైన నోటరీ వృత్తిని కోల్పోయి, 1935లో, నలభై ఏళ్ళు నిండకముందే మరణించారు.

బహుభార్యాత్వ నిషేధానికి చూపిన ఆధారం అన్నిసా సూరాలోని రెండు ఆయత్‌లు. మూడవ ఆయత్ భార్యల మధ్య న్యాయం పాటించలేమన్న భయముంటే ఒక్కరితోనే తృప్తి చెందమంటుంది. 129వ ఆయత్ పురుషుడు ఎంత కోరినా వారి మధ్య సమన్యాయం సాధ్యం కాదంటుంది. ఈ రెండింటినీ కలిపి చదివితే అనుమతి ఆచరణలో నిషేధమే అవుతుందని సంస్కర్తలు అన్నారు. దీనికి సంప్రదాయవాదుల సమాధానం కూడా తేలికైనది కాదు. మూడవ ఆయత్ పోషణ, కాలం పంచుకోవడం వంటి బాహ్య న్యాయాన్ని, 129వది హృదయంలోని ప్రేమను ఉద్దేశించినవనీ, అనుమతించబడిన దానిని నిషేధించే అధికారం ప్రభుత్వానికి లేదనీ వారి వాదం.

వారసత్వంలో 1959లో వచ్చిన సవరణ మరింత గమనింపదగినది. ఒకరు మరణించగా ఒక కుమార్తె, ఒక సోదరుడు మాత్రమే మిగిలారనుకొందాము. సున్నీ ఫిఖ్హ్ ప్రకారం కుమార్తెకు సగం, మిగిలిన సగం సోదరునికి చెందుతుంది. కొత్త నియమం ఆ మిగులును కూడా కుమార్తెకే ఇచ్చింది. పెద్ద ఉమ్మడి కుటుంబాలు విడిపోయి, తల్లిదండ్రులు, బిడ్డలు గల చిన్న కుటుంబమే ఆధారమైన కాలంలో ఇది సహజమైన మార్పు. అయినా కుమారుడున్నచోట కుమార్తెకు అతని వాటాలో సగమే అన్న సూత్రాన్ని ముట్టుకోలేదు.

మార్పులు అక్కడితో ఆగలేదు. భార్య భర్తకు విధేయురాలై ఉండాలన్న వాక్యం 1993లో తొలగింది. 2007లో కనీస వివాహ వయస్సు ఇరువురికీ 18 ఏళ్ళుగా నిర్ణయమయింది. 2018లో అధ్యక్షుడు బేజీ కాయిద్ ఎస్సెబ్సీ సమాన వారసత్వాన్ని ప్రతిపాదించారు. పార్లమెంటు ఆమోదం లభించకముందే 2019 జూలైలో ఆయన మరణించారు. బిల్లు చట్టం కాలేదు.

ఈ చరిత్రలో ఒక లోపాన్ని కూడా చెప్పుకోవాలి. 1956 నాటి స్మృతి ప్రజల చర్చ నుండి పుట్టలేదు. అది పై నుండి దిగిన శాసనం. అభ్యంతరం చెప్పిన విద్వాంసులతో సుదీర్ఘ సంవాదం జరగలేదు. అటువంటి చట్టం పాలకుడు మారితే కూలిపోవచ్చునన్న అనుమానం సహజం. 2011 విప్లవానంతరం దానికి పరీక్ష వచ్చింది. రాజ్యాంగ ముసాయిదాలో స్త్రీని పురుషునికి పూరకమని పేర్కొన్నప్పుడు, 2012 ఆగస్టు 13న వేలాది మంది వీధులలోకి వచ్చి నిరసించారు. ఆ మాట తొలగింది. 2014 రాజ్యాంగం స్త్రీలు సాధించుకొన్న హక్కుల రక్షణకు హామీ ఇచ్చింది. పై నుండి వచ్చిన చట్టాన్ని రెండు తరాల ప్రజలు తమదిగా చేసుకొన్నారన్నమాట.

ఇజ్తిహాద్ ద్వారం మూసుకొన్నదా, తెరిచే ఉన్నదా అన్న చర్చ పండితులది. కాని తలాఖ్ పొందిన స్త్రీ ఎక్కడ తల దాచుకొంటుంది, తండ్రి పోయిన బిడ్డ ఇల్లు ఎవరి పాలవుతుంది అన్న ప్రశ్నలు ప్రతి గడపవీ. హద్దాద్ లేవనెత్తినది ఈ ప్రశ్నలనే. ఆయనను ఖండించిన వారికీ, ఆయనను అనుసరించిన వారికీ వాటికి సమాధానం చెప్పవలసిన బాధ్యత సమానమే.