కొమ్మకు వేళ్లు వచ్చేదాకా

ఢిల్లీలోని ఆర్.కె. పురం అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లు గుర్తొస్తాయి. సెలవులకు సొంతూరు వెళ్లిన తెలుగువారు పెరటి మల్లె కొమ్మను తడిగుడ్డలో చుట్టి తెచ్చి, ఇక్కడి బాల్కనీ కుండీలో నాటుతుంటారు. కొన్ని బతుకుతాయి, కొన్ని ఎండిపోతాయి. తేడా ఎక్కడుంది?

కోసిన క్షణం నుంచే కొమ్మకు గడువు మొదలవుతుంది. ఆకుల నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది, పీల్చుకోవడానికి వేళ్లు ఉండవు. లోపలి తడి అయిపోయేలోగా కొత్త వేళ్లు పుట్టాలి.

వాటిని పుట్టించేది ఆక్సిన్ అనే హార్మోను. చిగుళ్లలో, లేత ఆకుల్లో తయారై కిందికి ప్రయాణిస్తుంది. కోసిన చోట దారి తెగడంతో అక్కడే పోగవుతుంది. దాని ప్రభావంతో కాండం కణాలు విభజన చెంది వేళ్లుగా మారతాయి. వీటినే అబ్బురపు వేళ్లు అంటారు. కొమ్మను తలకిందులుగా నాటకూడదనేది ఇందుకే. ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం వేళ్లను రప్పిస్తుందని 1935లో అమెరికాలో జిమ్మర్‌మన్, విల్‌కాక్సన్ చూపారు. నర్సరీల్లో దొరికే వేళ్ల పొడిలో సాధారణంగా ఉండేది అదే.

ఢిల్లీలో మే నెల వడగాలికి కొమ్మ ఎండిపోతుంది, జనవరి చలికి కణవిభజన మందగిస్తుంది. గాలిలో తేమ ఉండే జులై, ఆగస్టు నెలలు అనుకూలం. మరీ లేతగానీ ముదురుగానీ కాని 12-15 సెంటీమీటర్ల కొమ్మను కణుపు కిందుగా కోయాలి. పైన రెండాకులు ఉంచి మిగతావి తీసేయాలి. ఇసుక, కొబ్బరిపొట్టు కలిపి నాటి, పైన ప్లాస్టిక్ సంచి కప్పి నీడలో ఉంచాలి. మనీప్లాంట్ నీళ్ల సీసాలోనే వేళ్లు వేస్తుంది. మల్లెకు గాలి ఆడే ఇసుక మేలు, నిలవ నీటిలో ఆక్సిజన్ తగ్గి మొదలు కుళ్లిపోవచ్చు.

కరివేపాకు కొమ్మకు మాత్రం వేళ్లు రావడం కష్టం. తాజా గింజో, తల్లిచెట్టు వేళ్ల నుంచి మొలిచిన పిలకో నాటడం మంచిది.

కొమ్మ నుంచి వచ్చే మొక్క తల్లికి జన్యుపరంగా నకలు. అదే పూత, అదే వాసన. తల్లికి వైరస్ తెగులు ఉంటే అదీ వెంట వస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న చెట్టునే ఎంచుకోవాలి.

పది రోజులకే చిగురు కనిపిస్తే వేరు పడిందని అనుకోకూడదు. కొమ్మలో దాచుకున్న ఆహారంతోనే మొగ్గ విచ్చుకోగలదు. చూద్దామని పీకితే అప్పుడప్పుడే పుడుతున్న వేళ్లు తెగిపోతాయి. నెలా నెలన్నర ఆగి, మెల్లగా లాగినప్పుడు కొమ్మ కదలకుండా పట్టు చూపితే చాలు, వేరు పడినట్టే.