ఒకే అక్షరం, పది కొలువులు

తల్లాడ కూడలి నుంచి ఒక దారి ఖమ్మం పోతుంది, ఒకటి సత్తుపల్లికి, మరొకటి కొత్తగూడేనికి. కూడలి ఒకటే, ఏ దారి పట్టామన్నదాన్ని బట్టి చేరే ఊరు మారుతుంది. గణితం గుర్తుల తీరూ ఇదే. ఒకే అక్షరం ఒక్కో శాస్త్రంలో ఒక్కో అర్థానికి చేరుస్తుంది.

ఎక్కువ కొలువులు చేసే అక్షరం ఏదంటే నేను 'ఎన్' పేరు చెబుతాను. రసాయనశాస్త్రంలో అది మోల్‌ల సంఖ్య. కాంతి పాఠంలో వక్రీభవన గుణకం. గణాంకాల్లో నమూనా పరిమాణం. పరమాణు కేంద్రకంలో న్యూట్రాన్. ఖమ్మం జిల్లా రైతుకు వీటన్నిటికంటే దగ్గరి కొలువు ఇంకొకటుంది. సాగర్ ఎడమ కాలువ లాంటి కాలువల గరుకుదనాన్ని ఇంజినీర్లు 'ఎన్'తోనే రాస్తారు. ఐర్లండుకు చెందిన రాబర్ట్ మానింగ్ 1889లో సమర్పించిన సూత్రంలో వాడే గుర్తు ఇది. నున్నటి సిమెంటు లైనింగుకు దీని విలువ సుమారు 0.015, మట్టి కాలువకు సుమారు 0.025. వాలు, వెడల్పు, లోతు ఒకటే అయినా లైనింగు కాలువలో నీరు ఒకటిన్నర రెట్లకు మించిన వేగంతో పారుతుంది. తూటికాడ, గుర్రపుడెక్క పెరిగాయంటే 'ఎన్' పెరిగినట్టే. ఆ దెబ్బ చివరి ఆయకట్టుకు తగులుతుంది.

అందరికీ తెలిసిన గుర్తుల్లో మొదటిది 'పై'. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే 3.14159...కు ఈ గ్రీకు అక్షరాన్ని 1706లో విలియం జోన్స్ వాడాడు. వృత్తమే కనబడని చోట్లకూ అది వెళ్లింది. విద్యుదావేశాల మధ్య బలాన్ని చెప్పే కూలుంబ్ సూత్రంలో ఉంది, మార్కుల పంపిణీని చూపే గంట ఆకారపు వక్రరేఖ సూత్రంలోనూ ఉంది. రసాయనశాస్త్రంలోని 'పై' బంధం మాత్రం వేరు. అక్కడ 3.14 వేసిన పిల్లవాడికి మార్కులు పోతాయి.

అక్షరాలు కాని గుర్తులకూ చరిత్ర ఉంది. కూడిక, తీసివేత గుర్తులు 1489లో జర్మనీలో యోహానెస్ విడ్‌మన్ పుస్తకంలో అచ్చయ్యాయి. సమానం గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ పెట్టాడు.

కొన్ని గుర్తుల వెనక మారని విలువలుంటాయి, అవే స్థిరాంకాలు. వాటిలో అతి మొండిది గురుత్వాకర్షణది. 1798లో కావెండిష్ ప్రయోగం నుంచి లెక్కగడుతూనే ఉన్నా, ముఖ్యమైన స్థిరాంకాల్లో ఇంత తక్కువ కచ్చితత్వంతో తెలిసినది మరొకటి లేదు. కాంతి వేగానిది దీనికి పూర్తిగా ఎదురు కథ. సెకనుకు 29,97,92,458 మీటర్లని 1983లో నిర్ణయించేశారు, ఇక కొలిచే పని లేదు. 2019 మే 20 నుంచి ప్లాంక్, అవొగాడ్రో స్థిరాంకాలూ ఆ వరసలో చేరాయి. నిర్ణయించి పెట్టుకున్న అంకెలు మనకూ ఉన్నాయి. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు ఎక్కింది.

తెలుగు పేరుతో ఉన్న సూత్రాల్లో అతి దూరం ప్రయాణించినది క్రామర్–రావు హద్దు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో, పాతికేళ్ల వయసులో అచ్చువేసిన వ్యాసంలోది అది. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దాని హద్దు చెబుతుంది. రాడార్ నుంచి క్వాంటం భౌతికం దాకా వాడుతున్నారు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన గుర్తులు మాత్రం మన సొంతం. పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే తెలుగులో గణితం రాశాడని చాలామందికి తెలుసు. తెలుగువాళ్లు భిన్నాలకు వేరే అంకెలు వాడారన్నది తెలిసినవాళ్లు తక్కువ. ధాన్యం కొలతల్లో నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము అన్నట్టే ఆ అంకెలూ నాలుగు మీదే నడుస్తాయి. కాలు, అర, ముక్కాలుకు వరసగా ఒకటి, రెండు, మూడు నిలువు గీతలు: ౹ ౺ ౻. పదహారో వంతు వీసం, రెండు వీసాలు పరక, మూడైతే మువ్వీసం. వీటికి అడ్డగీతలు: ౼ ౽ ౾. అరవై నాలుగో వంతుకు మళ్లీ నిలువు గీతలే. పదహారింట ఏడు వంతులు రాయాలంటే కాలు పక్కన మువ్వీసం: ౹౾. నిలువు గీతల స్థానం ఖాళీగా ఉంటే అక్కడ రాసే గుర్తు హళ్లి, అడ్డగీతల స్థానం ఖాళీ అయితే మామూలు సున్న. 'హళ్లికి హళ్లి, సున్నకు సున్న' అని నిత్యం అంటున్న మాటలో ఆ రెండు గుర్తులూ పక్కపక్కనే ఉన్నాయి! 2008లో ఇవన్నీ, తూము గుర్తుతో సహా, యూనికోడ్‌లోకి ఎక్కాయి.

మీ ఇంట్లో తాతల నాటి జమాబందీ కాగితాలో, ధాన్యం లెక్కల పుస్తకాలో అటక మీద ఉంటే పాత కాగితాలవాడికి తూకం వేయకండి. అంకెల పక్కన నిలువు, అడ్డగీతలు కనబడితే మీ ఊరి లెక్కల మాస్టారికి ఒకసారి చూపించండి.