బ్రేకు రాయిలా ఉందంటే...

గ్యాస్ పొయ్యి రబ్బరు ట్యూబును అయిదేళ్లకోసారి మార్చాలని మనలో చాలామందికి తెలుసు. కుక్కర్ గాస్కెట్ వదులైతే ఆవిరి చప్పుడు విని పక్క గదిలోంచే పట్టేస్తాం. మరి వాకిట్లో నిలబడే పాత డీజిల్ పికప్ సంగతో? ఇల్లు దాని మీదే గడుస్తున్నా, దాని వాయిదాల కోసం గాజులు బ్యాంకులో పెట్టినా, బానెట్ ఎత్తగానే "అది మగాళ్ల పనిలే" అనుకుని లోపలికి వచ్చేస్తాం.

మాది నర్సీపట్నం. మా ఇంట్లో పన్నెండేళ్ల నాటి పికప్ ఉంది. మా మరిది వారానికి మూడుసార్లు దానిమీద కిరాణా సరుకు వేసుకుని లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి వెళ్తాడు. వచ్చేటప్పుడు పసుపు, అల్లం, మిరియాల బస్తాలతో దిగుతాడు. ఎక్కడం ఇంజన్ సత్తా, దిగడం బ్రేకు సత్తా. అందుకే కథలు రాసుకునే నేను మా మేస్త్రీ వెంటపడి ఈ బ్రేకు సంగతి నేర్చుకున్నాను. "అమ్మగారూ, బండి తోలేవాళ్లే ఇన్ని అడగరండి" అని ఆయన నవ్వేవాడు. తోలేవాళ్లు అడగకపోతే ఇంట్లో ఎదురుచూసేవాళ్లం మనమైనా అడగాలి కదా!

అసలు విషయం ఏమిటంటే, అంత బరువున్న బండిని ఆపేది ఒక్క డ్రైవరు కాలి బలం కాదు. బ్రేకు పెడల్‌కి ఎదురుగా, బానెట్ కింద, నల్లటి పెద్ద మూతగిన్నె లాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని బూస్టర్ అంటారు. లోపల రబ్బరు పొర అడ్డంగా ఉండి దాన్ని రెండు గదులుగా చేస్తుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ వ్యాక్యూమ్ పంపు ఆ గదుల్లోని గాలిని లాగేస్తూ ఉంటుంది. కాలు పెడల్ మీద వేయగానే వెనక గదిలోకి మాత్రం బయటిగాలి జొరబడి, రబ్బరు పొరను ముందుకు నెడుతుంది.

గాలికి అంత బలమా అంటారా? వేడి వేడి అన్నం స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి, చల్లారాక తీయబోతే వస్తుందా? లోపలి ఆవిరి చల్లబడి ఖాళీ ఏర్పడితే బయటి గాలి మూతను నొక్కి పట్టుకుంటుంది. ఇదీ అంతే. 23 సెంటీమీటర్ల వెడల్పున్న బూస్టర్‌లో మూడింట రెండొంతుల గాలి తీసేస్తే, బయటి గాలి నెట్టే నెట్టుడు సుమారు 280 కిలోల బరువుతో సమానం. కాలికి ఇది తోడు. ఇది లేకపోయినా బ్రేకు పడుతుంది గానీ, కాలితో ఎన్నో రెట్లు బలంగా తొక్కాలి.

పెట్రోలు ఇంజన్‌కి గాలి పీల్చే దారిలో ఒక తలుపు ఉంటుంది కాబట్టి ఆ పీల్చుడుతోనే వ్యాక్యూమ్ దొరుకుతుంది. పాత డీజిల్ ఇంజన్‌కి అలాంటి తలుపు లేదు. అందుకే విడిగా పంపు పెట్టారు. చాలా పాత బళ్లలో ఈ పంపు బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ వీపుకే అతికి ఉంటుంది. రెండిటినీ తిప్పేది ఒకటే బెల్టు. ఇక్కడే నా గుండె ఒకసారి ఝల్లుమంది. బెల్టు తెగితే డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలుగుతుంది. "బ్యాటరీయే కదా, ఇంటికెళ్లాక చూద్దాం" అని ఎంతమంది అంటారో! ఇలాంటి బండిలో ఆ ఎర్రలైటుకి అర్థం బ్రేకు బలం కూడా పోతోందని. బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే సరి. మీ బండిలో పంపు ఎక్కడుందో మేస్త్రీని అడిగి కళ్లతో చూడండి. ఆల్టర్నేటర్ వెనకే ఉంటే, ఎర్రలైటు వెలిగిన క్షణమే బండి పక్కకి ఆపాలని తోలే మనిషికి గట్టిగా చెప్పండి.

ఇక పరీక్షలు. సామాన్లేమీ అక్కర్లేదు. బండి చదునైన చోట ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేస్తే, కాలి కింద పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కి బలం అందడంలేదన్నమాట. తర్వాత ఇంజన్ ఒకటి రెండు నిమిషాలు తిరగనిచ్చి ఆపేసి, అయిదు నిమిషాలు ఆగి తొక్కండి. మొదటి తొక్కు మెత్తగా ఉండి, రెండోది, మూడోది బిగుస్తూ రావాలి. మొదటిదే రాయిలా ఉంటే ఎక్కడో గాలి చొరబడుతోంది. ట్యూబు పగిలి ఉండొచ్చు, లేదా గాలి వెనక్కి రాకుండా ఆపే వన్‌వే వాల్వు పోయి ఉండొచ్చు. పెడల్ నొక్కి ఉంచినంతసేపూ కాళ్ల దగ్గర బుస్సుమని ఆగకుండా వినిపిస్తే బూస్టర్ లోపలి రబ్బరే చినిగి ఉండొచ్చు.

పోయినేడు సంతరోజు తెల్లవారుజామున మా బండి దొరికిపోయింది ఈ మొదటి పరీక్షలోనే. "వదినా, పెడల్ కదలట్లేదు" అన్నాడు మరిది. అప్పటికే సరుకు ఎక్కించేశారు. మేస్త్రీని పిలిపిస్తే, ఇంజన్ స్టార్ట్ చేయించి బూస్టర్ ట్యూబు చూపించాడు. కొబ్బరిబోండాంలో స్ట్రాని గట్టిగా పీలిస్తే అతుక్కుపోతుంది చూడండీ, అచ్చం అలా చప్పబడి ఉంది. మూడు వారాల కిందట దారిలో ఎవరో పాత ట్యూబు తీసేసి మామూలు డీజిల్ పైపు ముక్క తగిలించారు. ఆ పైపు లోపలినుంచి వచ్చే ఒత్తిడికి ఆగుతుంది గానీ, లోపలికి లాగే పీల్పుకి ఆగదు. దీనికి మందంగా ఉండే వ్యాక్యూమ్ ట్యూబే వేయాలి. ఆ రోజు సంత పోయింది. మరిది సాయంత్రం దాకా గొణుగుతూనే ఉన్నాడు. గొణగనీ!

ఆ పంపు లోపల తిరిగే రెక్కలకి ఇంజన్ ఆయిలే తడి. సన్నటి పైపులోంచి అందుతుంది. కాబట్టి ఆయిల్ మార్పు వాయిదా వేస్తే ఇంజనే కాదు, బ్రేకు పంపూ అరుగుతుంది. వ్యాక్యూమ్ ట్యూబు విప్పినప్పుడు లోపల నల్లని నూనె జిడ్డు కనిపిస్తే ఊరుకోకండి. నూనె బూస్టర్‌లోకి చేరితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

బ్రేకు ఆయిల్ వేరే సంగతి. అది గాలిలోని తేమని ఉప్పులా పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 దగ్గరే మరిగిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు వేడెక్కిన బ్రేకుల్లో అది మరిగి బుడగలు కడితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్పించడం మేలు. డబ్బాలో ఆయిల్ తగ్గుతున్నా చక్రాల దగ్గర తడి కనిపించకపోతే, మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయి బూస్టర్‌లోకే కారుతుందేమో చూడమనండి. అందులో ఇంజన్ ఆయిల్ చుక్క కూడా పోయనివ్వకండి.

నాకు మహా కోపం తెప్పించేది మరొకటుంది. డీజిల్ కలిసొస్తుందని పల్లంలో ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, రెండు మూడు తొక్కుళ్లకి బూస్టర్ ఖాళీ అవుతుంది. గేరు తీసేశాక ఇంజన్ పట్టు కూడా ఉండదు. పైగా తాళం వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఒకటి. అలాంటి బండి వెనక పెళ్లికనీ, కూలికనీ ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని ఎక్కడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. సరుకుల బండి మనుషులకి కాదు. నేను మా బండిలో ఎవర్నీ ఎక్కనివ్వను. చుట్టాలు ముఖాలు మాడ్చుకున్నా సరే.

ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అయితే ఆ కాగితం పరీక్షించిన రోజు సంగతే చెబుతుంది. ట్యూబు మర్నాడే పగలొచ్చు. అందుకే బండి లెక్కల పుస్తకంలో డీజిల్ ఖర్చు పక్కనే నేను పెడల్ పరీక్ష తేదీ కూడా రాస్తున్నాను.

దారిలోనే బ్రేకు తప్పితే? పెడల్ ఏ రకంగా తప్పిందో చూడమన్నాడు మా మేస్త్రీ. రాయిలా గట్టిపడితే వ్యాక్యూమ్ పోయినట్టు. అప్పుడు ఊరికే తొక్కి వదిలితే ఉన్న కాస్త బలమూ పోతుంది. ఒకేసారి శక్తినంతా పెట్టి, అవసరమైతే రెండు కాళ్లతో, తొక్కి పట్టాలి. మెత్తగా కిందికి పోతే ఆయిల్ లోపం. అప్పుడు మాత్రం గబగబా పదేపదే తొక్కాలి. రెండిట్లోనూ ఇంజన్ ఆపకూడదు. గేర్లు ఒక్కొక్కటే తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేక్‌ని ఒక్క ఊపున కాకుండా కొంచెం కొంచెంగా లాగాలి. బండి ఆగాక చక్రాల కింద రాళ్లు పెట్టి, ఆ తర్వాతే ఇంటికి ఫోన్ చేయాలి.