బాకీ ఎవరి పేరున రాస్తున్నారు? యూనివర్సిటీ లెక్కల పుస్తకంలో దళిత విద్యార్థి

పెద్దదోర్నాల నుంచి పీజీ చదవాలంటే పాత ఉమ్మడి జిల్లాలో ఉన్న ప్రభుత్వ క్యాంపస్ ఒంగోలులోదే. ఒకప్పుడు నాగార్జున యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా నడిచినది ఇప్పుడు ఆంధ్రకేసరి యూనివర్సిటీ అయింది. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు పీజీ కాలేజీల్లో చేరేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసింది. ఆ దెబ్బతో కూలీల పిల్లలకు యూనివర్సిటీ సీటు తప్ప వేరే దారి మిగల్లేదు. అందుకే యూనివర్సిటీలు డబ్బు లెక్కలు ఎలా రాస్తాయన్నది ఫైనాన్స్ ఆఫీసర్ గదికి వదిలేసే విషయం కాదని మేము అనుకుంటున్నాం.

లెక్క రాయడానికి రెండు పద్ధతులున్నాయి. డబ్బు చేతికి వచ్చినప్పుడు, చేతి నుంచి పోయినప్పుడు మాత్రమే రాసేది నగదు పద్ధతి. రావాల్సింది, ఇవ్వాల్సింది కూడా ఆ ఏడాదే ఎక్కించేది అక్రూవల్ పద్ధతి. వినడానికి ఇది అకౌంటెంట్ల గొడవలాగే ఉంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం.

దోర్నాల దళితవాడ నుంచి ఒక అమ్మాయి ఎమ్మెస్సీలో చేరిందనుకుందాం. ఏడాది ఫీజు 30 వేలు, అంతా ప్రభుత్వమే కట్టాలి. మార్చి 31 వచ్చినా పైసా విడుదల కాలేదు. నగదు పద్ధతిలో రాని డబ్బు పుస్తకంలోకి ఎక్కదు కాబట్టి, ప్రభుత్వం యూనివర్సిటీకి ఎంత బాకీ పడిందో వార్షిక లెక్కల్లో ఎక్కడా కనిపించదు. అలాగని బాకీ మాయమైపోదు. ఫీజుల సెక్షన్ రిజిస్టర్‌లో ఆ అమ్మాయి పేరు పక్కన ‘చెల్లించలేదు’ అని కూర్చుంటుంది. హాల్ టికెట్ దగ్గర, నో డ్యూస్ సంతకం దగ్గర, టీసీ దగ్గర బయటికొచ్చేది ఆ గడే. ప్రభుత్వం చేసిన అప్పు, ప్రభుత్వం పేరు రాయని పుస్తకం వల్ల, కూలీ బిడ్డ పేరు మీదికి మారిపోయింది.

అదే అక్రూవల్ పద్ధతిలో అయితే ఆ 30 వేలు బ్యాలెన్స్ షీటులో ‘సాంఘిక సంక్షేమ శాఖ నుంచి రావాల్సినవి’ అనే పద్దు కింద చేరాలి. ఎన్నేళ్లుగా, ఎంత పేరుకుపోయిందో ఆడిటర్ అడుగుతాడు, పాలకమండలి చూస్తుంది. కేంద్ర విద్యాసంస్థలకు 2014-15 నుంచి ఈ పద్ధతిలో ఒకే నమూనా పెట్టారు. రాష్ట్ర యూనివర్సిటీల లెక్కలూ అలాగే ఉండాలని అడగడానికి దళిత విద్యార్థి సంఘాలకు ఇంతకంటే కారణం అక్కర్లేదు.

పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ పద్ధతి మారడంతో ఈ చిక్కు ఇంకా ముదిరింది. 2020-21 నుంచి ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తున్నాయి. రాష్ట్రం తన వాటా వేశాకే కేంద్రం తన వాటాను విద్యార్థి ఖాతాలో వేస్తుంది. కాలేజీ దృష్టిలో ఇక కట్టాల్సింది విద్యార్థే. రాష్ట్రం ఆలస్యం చేస్తే కేంద్రం వాటా ఆగుతుంది, ఆ రెంటికీ జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం పద్దెనిమిదేళ్ల పిల్ల.

రెండో సంగతి పద్దుల కలగాపులగం. యూజీసీ గ్రాంటు జనరల్, ఎస్సీ, ఎస్టీ పద్దుల కింద వేరువేరుగా వస్తుంది. ఖర్చయ్యాక 12-ఎ ఫారంలో వినియోగ ధ్రువపత్రం కూడా ఏ పద్దుకు ఆ పద్దుగా పంపాలి. అది చేరకపోతే తర్వాతి విడత ఆగుతుంది. అన్నిటినీ ఒకే బ్యాంకు ఖాతాలో పోసి, జీతాలకు తక్కువైన నెలలో అందులోంచి ‘సర్దుబాటు’ చేస్తే, ఏడాది చివర ఏ రూపాయి ఎవరిదో తేల్చడం కష్టం. ధ్రువపత్రం ఆలస్యమవుతుంది, గ్రాంటు ఆగుతుంది, కొత్త ఏడాది పిల్లలు నష్టపోతారు. ఈ గొలుసులో ఎవరూ దొంగతనం చేయనక్కర్లేదు, పుస్తకం సరిగ్గా రాయకపోతే చాలు. ఎస్సీ నిధులు దారి మళ్లకూడదనే 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. పదేళ్ల గడువు ముగిసేసరికి 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. చట్టం ఎంత గట్టిదైనా, విడి ఖాతా, విడి లెడ్జరు లేని చోట దాన్ని అమలు చేయించడం ఎలా?

నిల్వ డబ్బుకూ కాపలా కావాలి. 2021 చివర్లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నిధుల్లో సుమారు 400 కోట్లు రాష్ట్ర ఆర్థిక సేవల కార్పొరేషన్‌కు మళ్లాయి. ఉద్యోగులు రోడ్డెక్కితేనే ఆ విషయం ఊరికి తెలిసింది. విద్యార్థుల ఫీజులతో పోగైన డబ్బు అది. లెక్కలు ఎప్పటికప్పుడు బయటపెట్టే అలవాటుంటే గొడవ మొదట్లోనే వచ్చేది, అదే మంచిది.

రోహిత్ వేముల 2016 జనవరిలో చనిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల రూపాయలు, అతనికి రావాల్సి ఉంది. ఏ యూనివర్సిటీ లెక్కల్లోనైనా అలాంటిది ‘పెండింగ్’ అనే ఒక్క మాట.

ఇవన్నీ అడగడానికి దారి ఉంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం బడ్జెటు, పంపిణీ చేసిన మొత్తాల వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలి. అవి లేకపోతే పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘అవినీతి వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఏమీ రాదు. గత మూడేళ్లలో ఎస్సీ, ఎస్టీ పద్దుల కింద ఏ తేదీన ఎంత వచ్చింది, ఏ ఖాతాలో పడింది, వినియోగ ధ్రువపత్రం ఎప్పుడు పంపారు అని తేదీలు అడగాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం నుంచి రావాల్సింది మార్చి 31 నాటికి ఎంత, అదే తేదీన ‘ఫీజు చెల్లించని’ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఎందరు అనే రెండు అంకెలు పక్కపక్కన అడగాలి. రాష్ట్ర ఆడిట్ శాఖ రాసిన అభ్యంతరాల నకలు కూడా అడగొచ్చు. మొదటి అంకె తమ దగ్గర లేదని జవాబొస్తే ఆ కాగితాన్ని పారేయకండి. అప్పీలుకు అదే మొదటి జతపత్రం.