బరువు తగ్గించే ఆపరేషనా? ముందు మీ పొట్టని అడగండి!

అనంతపురం వైపు పెద్దవాళ్లని కదిపితే చాలు, కరువు కథలు చెబుతారు. 1950ల మొదట్లో రాయలసీమలో వానలు మొహం చాటేస్తే, జనం గంజి కేంద్రాల ముందు గిన్నెలు పట్టుకుని వరస కట్టిన రోజులవి. అదే నేల మీద ఇప్పుడు ఇంకో ప్రశ్న వినిపిస్తోంది: 'బేరియాట్రిక్ ఆపరేషన్‌కి ఎంతవుతుంది?'

వింతగా అనిపించినా లెక్కలు అలాగే ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మహిళల్లో 36.3 శాతం, మగవాళ్లలో 31.1 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో 14.8 శాతం మంది మహిళలు ఉండాల్సిన దానికన్నా తక్కువ బరువున్నారు. ఒకే రాష్ట్రంలో ఆకలీ ఉంది, ఊబకాయమూ ఉంది.

ఇక ఫోన్ తెరిస్తే 'బిఫోర్-ఆఫ్టర్' ఫొటోలు. పాత ప్యాంటు నడుం దగ్గర లాగి చూపించే రీల్స్. వాటిలో తగ్గిన కిలోలు కనిపిస్తాయి గానీ, రాత్రి రెండింటికి గొంతులోకి తన్నుకొచ్చే పులుపు కనిపించదు. ఆపరేషన్ గంటా రెండు గంటల పని. మారిన పొట్టతో బతకాల్సింది మాత్రం జీవితాంతం. అందుకే 'ఎన్ని కిలోలు తగ్గుతాను?' అనే ప్రశ్న కన్నా ముందు రెండు ప్రశ్నలు అడగాలి. నా పొట్టకి ఏ ఆపరేషన్ సరిపోతుంది? తర్వాత ఇబ్బందొస్తే చూసే డాక్టర్ నాకు అందుబాటులో ఉంటారా?

లైపోసక్షన్ వేరు, ఇది వేరు

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. హీరోయిన్ ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో చనిపోయినప్పుడు, కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. ఇప్పటికీ 'బరువు ఆపరేషన్' అనగానే ఇళ్లల్లో ఆ పేరే తలుచుకుని భయపడతారు. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వుని గొట్టంతో లాగేయడం. ఆకారం మారుతుందంతే, ఊబకాయానికి అది వైద్యం కాదు. బేరియాట్రిక్ సర్జరీ జీర్ణాశయం మీద, కొన్నిసార్లు పేగుల మీద చేస్తారు. ఆకలి తగ్గుతుంది, హార్మోన్లు మారతాయి, చాలామందికి షుగర్ అదుపులోకి వస్తుంది. రెండింటికీ రిస్కులున్నాయి, కానీ అవి వేర్వేరు రిస్కులు.

మరి ఎవరికి?

మీ బరువుని కిలోల్లో తీసుకుని, ఎత్తుని మీటర్లలో రెండుసార్లు భాగించండి. అదే బీఎంఐ. 160 సెంటీమీటర్ల ఎత్తు, 96 కిలోల బరువుంటే బీఎంఐ 37.5. మన దేశంలో చాలాకాలంగా సర్జన్లు పాటించిన గీత ఇదే: 37.5 దాటితే, లేదా 32.5 దాటి షుగర్, బీపీ లాంటి జబ్బులుంటే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియావాళ్లకి ఈ గీతని 27.5 దాకా దించాయి. అంటే గీత దాటిన ప్రతి ఒక్కరూ థియేటర్‌కి వెళ్లాలని కాదు. డాక్టర్‌తో కూర్చుని మాట్లాడే అర్హత వచ్చిందని అర్థం. పెళ్లిచూపుల కోసం ఐదారు కిలోలు తగ్గాలనుకునేవాళ్లకి మాత్రం ఇది దారి కాదు.

ఇప్పుడు ఇంజెక్షన్లూ వచ్చాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికొచ్చాయి. వాటికీ వికారం, వాంతులు, మలబద్ధకం లాంటి ఇబ్బందులున్నాయి. అయితే తేడా ఒకటుంది. ఇంజెక్షన్ మానేస్తే ఆ ఇబ్బంది క్రమంగా పోతుంది, దాంతోపాటు బరువూ చాలామందికి తిరిగొస్తుంది. కోసేసిన పొట్ట మాత్రం తిరిగి రాదు. ఆపరేషన్‌కి ముందు డాక్టర్‌తో ఈ దారి గురించి కూడా మాట్లాడండి.

మూడు ఆపరేషన్లు, మూడు రకాల పొట్టలు

స్లీవ్: జీర్ణాశయంలో దాదాపు ముప్పావు భాగం కోసి తీసేస్తారు. మిగిలింది అరటిపండు ఆకారంలో ఉండే సన్నటి గొట్టం. పేగుల జోలికి వెళ్లరు కాబట్టి మిగతా రెండింటితో పోలిస్తే సులువైన ఆపరేషన్. మరి ఇబ్బందేంటి? గొట్టం సన్నబడేసరికి లోపల ఒత్తిడి పెరుగుతుంది, యాసిడ్ పైకి తన్నుతుంది. ఫిన్లాండ్‌లో 240 మంది మీద జరిగిన అధ్యయనం పదేళ్ల ఫలితాలు 2022లో వచ్చాయి. అన్నవాహికలో పుండ్లు, వాపు స్లీవ్ చేయించుకున్నవాళ్లలో 31 శాతం మందికి కనిపిస్తే, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికే కనిపించాయి. ఇప్పటికే ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులతో బాధపడేవాళ్లు 'అందరూ స్లీవే చేయించుకుంటున్నారు' అని దూకకూడదు.

గ్యాస్ట్రిక్ బైపాస్: కోడిగుడ్డంత చిన్న సంచి మిగిల్చి, దాన్ని చిన్నపేగుకి కలుపుతారు. యాసిడ్ మంట ఉన్నవాళ్లకి సాధారణంగా ఇదే మేలంటారు. కానీ తీపి తిన్నారో, అది ఒక్కసారిగా పేగులోకి దిగిపోతుంది. అరగంటలోపే చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, విరేచనం రావచ్చు. దీన్నే 'డంపింగ్' అంటారు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. పేగు అతికించిన చోట అల్సర్ రావచ్చు. పొగ తాగేవాళ్లకి, నొప్పుల మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగేవాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. ఏళ్ల తర్వాత కూడా లోపలి ఖాళీల్లో పేగు ఇరుక్కుని భరించలేని నొప్పి రావచ్చు.

మినీ బైపాస్: రెండు అతుకుల బదులు ఒకటే. 1997లో అమెరికాలో డాక్టర్ రాబర్ట్ రట్లెడ్జ్ మొదలుపెట్టారు. మన దేశంలోనూ బాగానే చేస్తున్నారు. బరువు బాగా తగ్గుతుంది. అయితే ఫ్రాన్స్‌లో 253 మంది మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు బైపాస్‌తో పోలిస్తే దీంట్లో విరేచనాలు, పోషకాహార సమస్యలు ఎక్కువగా కనిపించాయి. పైత్యరసం పైకి ఎగదన్నే ప్రమాదమూ ఉంది. గుడ్డు, మాంసం ముట్టనివాళ్లు ప్రొటీన్ ఎలా అందుతుందో ముందే లెక్క చూసుకోవాలి.

మూడింటికీ ఉమ్మడి ఇబ్బందులు కొన్నున్నాయి. బరువు గబగబా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడొచ్చు. మొదటి నెలల్లో జుట్టు రాలుతుంది, చాలామందికి మళ్లీ వస్తుంది. మలబద్ధకం ఉంటుంది. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్-డి మాత్రలు జీవితాంతం వాడాలి. ఆడపిల్లలు ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా జాగ్రత్తపడాలి.

సంగటి ముద్ద సంగతేంటి?

డైట్ చార్టుల్లో ఓట్సు, బ్రొకోలీ ఉంటాయి. మన ఇంట్లో ఉండేది సంగటి, శనక్కాయల చట్నీ, ఉగ్గాని-బజ్జి, పండగొస్తే ఓళిగలు. అందుకే డైటీషియన్‌ని మన తిండి గురించే అడగాలి.

ఆపరేషన్ తర్వాత ముందు నీళ్లలాంటి పదార్థాలు, తర్వాత మెత్తగా చిదిమినవి, ఆపై మెల్లగా గట్టివి. రాగుల్ని వదులుకోనక్కర్లేదు, జావతో మొదలుపెట్టొచ్చు. ముద్ద సంగటి నమలకుండా మింగడం మనకి అలవాటు. సన్నబడ్డ పొట్టలో అలాంటి జిగట ముద్ద అడ్డం పడ్డట్టయి వాంతి కావచ్చు. చట్నీలో, బజ్జీల్లో నూనె ఎక్కువ. మినీ బైపాస్ వాళ్లకి జిడ్డు విరేచనాలు పెరగొచ్చు. ఓళిగ చూస్తే బైపాస్ వాళ్లకి డంపింగ్ గుర్తుకు రావాలి. అన్నంతోపాటే చెంబుడు నీళ్లు తాగే అలవాటు మానేసి, అరగంట తేడా పాటించాలి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డు, పప్పు, పెరుగు, అలసందలు, చికెన్... ఏది తింటారో రాసుకుని వెళ్లి డైటీషియన్ ముందు పెట్టండి. మందు తాగే అలవాటుంటే, ఆపరేషన్ తర్వాత అది తొందరగా, గట్టిగా ఎక్కుతుందని గుర్తుంచుకోండి.

సర్జన్‌ని రీల్స్‌లో వెతక్కండి

డాక్టర్లు పేషెంట్ల కోసం ప్రచారం చేసుకోకూడదని 2002 నాటి వైద్య నియమావళే చెబుతోంది. అయినా ప్రకటనలు ఆగవు. షార్ట్‌కట్‌లో సన్నబరుస్తామనే సెంటర్ల కథనే 2015లో అనుష్క 'సైజ్ జీరో' సినిమాలో చూశాం. ఫాలోవర్ల సంఖ్య బదులు ఈ పనులు చేయండి.

• నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో డాక్టర్ల రిజిస్టర్ ఉంది. పేరు కొట్టి డిగ్రీలు, రిజిస్ట్రేషన్ చూడండి.

• 'ఏడాదికి ఎన్ని చేస్తారు? స్లీవ్ ఎన్ని, బైపాస్ ఎన్ని?' అని అడగండి. ఒక్క రకమే చేసే సర్జన్ అందరికీ ఆ రకమే రాసే అవకాశం ఉంది.

• 'ముందు ఎండోస్కోపీ చేస్తారా?' అని అడగండి. యాసిడ్ మంట, హెర్నియా ఉన్నాయో లేదో చూడకుండా ఆపరేషన్ పేరు ఖాయం చేస్తే అనుమానించాల్సిందే.

• 'మీ దగ్గర లీకులు ఎంతమందికయ్యాయి? అప్పుడేం చేశారు?' ఈ ప్రశ్నకి చిరాకు పడే డాక్టర్‌కన్నా, లెక్క చెప్పే డాక్టర్ మేలు.

• 'నా మంట ఎక్కువైతే రెండో ఆపరేషన్ అవసరమవుతుందా? ఖర్చెవరిది?' ప్యాకేజీలో ఏముందో కాగితం మీద రాయించుకోండి.

ఒక్క డాక్టర్ మాటతో ఆగకుండా, వీలైతే ఇంకో సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోండి.

దూరం కూడా ఒక లెక్కే

అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ సుమారు 360. జిల్లాలో పెద్ద ఆపరేషన్ అనగానే చాలామంది ఈ రెండు ఊళ్ల వైపే చూస్తారు. వెళ్లడం సులువే. వందే భారత్ కూడా మన స్టేషన్లో ఆగుతుంది. కానీ కడుపునొప్పి రైలు టైమ్ చూసి రాదు.

ఇంటికొచ్చాక జ్వరం, గుండెదడ, కడుపునొప్పి కలిసి వస్తే లీకు కావచ్చు. ఆగకుండా వాంతులైతే బీ1 విటమిన్ పడిపోయి నరాలకీ, మెదడుకీ ముప్పు. నల్లటి విరేచనమైతే లోపల రక్తం కారుతుండొచ్చు. ఇవేవీ 'గ్యాస్ మాత్ర వేసుకుని పడుకో' అనే రకం కాదు. అందుకే ఆపరేషన్‌కి ముందే అనంతపురంలో మిమ్మల్ని చూసే ఒక ఫిజీషియన్‌నో, సర్జన్‌నో మాట్లాడి పెట్టుకోండి. ఏ ఆపరేషన్ అయిందో వివరంగా రాసిన డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో ఫోన్లో ఉంచుకోండి, ఇంట్లోవాళ్లకీ పంపండి. మీ పొట్ట లోపలి దారి మారిందని తెలియని డాక్టర్‌కి రాత్రిపూట ఆ కాగితమే దారి చూపిస్తుంది. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే నంబర్ ఇవ్వలేని ఆసుపత్రి ఎంత పెద్దదైనా ఇంకోసారి ఆలోచించండి.

ఇన్సూరెన్స్ ఇస్తుందా?

ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2019లో పెట్టిన షరతుల ప్రకారం బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులోకి రాని షుగర్ లాంటివి ఉండాలి. వయసు 18 దాటాలి, డాక్టర్ సలహా ఉండాలి, అంతకుముందు ప్రయత్నాలు ఫలించి ఉండకూడదు. అంటే వైద్యపరంగా అర్హత ఉన్నా పాలసీ డబ్బు రాకపోవచ్చు. అడ్వాన్స్ కట్టకముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డున్నవాళ్లు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి. అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుని, విటమిన్ మాత్రలకి డబ్బుల్లేక మానేస్తే కథ మొదటికొస్తుంది.

సరైన మనిషికి, సరైన ఆపరేషన్ నిజంగా మేలు చేస్తుంది. మోకాళ్ల నొప్పి తగ్గి మెట్లెక్కేవాళ్లున్నారు, ఇన్సులిన్ మానేసినవాళ్లున్నారు. భయపడి వదిలేయాల్సిన పనిలేదు, రీల్ చూసి పరుగెత్తాల్సిన పనీ లేదు. ఈ వారం ఒక్క పని చేయండి. ఏడు రోజులు ఏం తిన్నారో, ఎప్పుడు మంటొచ్చిందో, ఎన్నిసార్లు త్రేన్పులొచ్చాయో, విరేచనం ఎలా అయిందో ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. సర్జన్ ముందు కూర్చున్నప్పుడు బరువు చెప్పే ముందు అది చూపించండి. అది చదివి ప్రశ్నలడిగే డాక్టరే మీకు కావాల్సిన డాక్టర్.