గుంట పడ్డ ఇనుము గురికి పనికిరాదు

ఆ మధ్య ఒక ఊళ్లో వెల్డింగు షాపు దగ్గర రైతులతో మాట్లాడుతూ కూర్చున్నాను. ఒక పెద్దాయన ట్రాక్టరు డిస్కు నాగలి పాత పళ్లెం ఒకటి పట్టుకొచ్చాడు. "మేస్త్రీ, దీనికి రెండు బెజ్జాలు కొట్టి గొలుసు వెయ్యి. మా పిల్ల గురి కొట్టడం నేర్చుకుంటోంది. పెరట్లో వేలాడదీస్తా" అన్నాడు. మేస్త్రి "అంతేనా బాబాయ్, సాయంత్రం రా" అన్నాడు. వద్దని నేను అడ్డుపడ్డాను. ఎందుకు వద్దన్నానో అక్కడ చెప్పిన మాటలే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

పంటల పేజీలో తుపాకి గురి సంగతేమిటని అనుకోకండి. షూటింగు పోటీలు పట్నం పిల్లలకే అనే రోజులు పోయాయి. 2012 లండన్ ఒలింపిక్సులో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం తెచ్చాడు. 2018 ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో బంగారు పతకం కొట్టిన సౌరభ్ చౌధరి మీరట్ జిల్లా కలీనా గ్రామంలో ఒక రైతు కొడుకు. అప్పటికి అతని వయసు 16 ఏళ్లు. ఇవన్నీ చూసి మన ఊళ్లలో కూడా పిల్లలు ఎయిర్ రైఫిల్ పడుతున్నారు. సెలవులకు ఇంటికొస్తే పెరట్లోనో, కల్లంలోనో సాధన చేస్తామంటారు. దానికి కావలసిన టార్గెట్టు, స్టాండు మన వెల్డింగు షాపుల్లోనే తయారవుతాయి. అక్కడే తెలిసో తెలియకో తప్పు జరుగుతోంది.

గుంట ఎందుకు ప్రమాదం?

ఇనుము గట్టిది, తూటా మెత్తటి సీసం, కాబట్టి ఏ ఇనుమైనా చాలు అనుకుంటాం. అది పొరపాటు. నున్నగా, చదునుగా ఉన్న గట్టి ప్లేటుకు సీసం తూటా తగిలితే చితికిపోతుంది. చితికిన ముక్కలు ప్లేటు ముఖాన్ని అంటుకున్నట్టుగా నాలుగు పక్కలకూ చిమ్ముతాయి. కొట్టినవాడి వైపు వచ్చేవి తక్కువ.

అదే ప్లేటుకు గుంట పడితే కథ మారిపోతుంది. తూటా ఆ గుంటలోకి వెళ్లి, దాని గోడల వెంబడి తిరిగి, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. నీళ్ల పైపు చదును గోడకు పెడితే నీళ్లు పక్కలకు చిమ్ముతాయి. మూకుడు లోపలికి పెడితే మన మొహానికే కొడతాయి. ఇదీ అంతే. పెద్దాయన తెచ్చిన డిస్కు పళ్లెం మంచి గట్టి ఉక్కే. కానీ దాని ఆకారమే మూకుడు. బోలు వైపు ముందుకు పెడితే ముక్కలు పిల్ల కళ్లలోకే వస్తాయి. వీపు వైపు పెట్టినా ఎటు ఎగురుతాయో చెప్పలేం.

కాబట్టి టార్గెట్టుకు గట్టి ఉక్కు తీసుకోవడం ఎక్కువకాలం మన్నడానికి మాత్రమే కాదు. గుంట పడకుండా ఉండడానికి, అంటే మన కళ్లు కాపాడుకోడానికి.

ఏ తుపాకికి ఏ ప్లేటు?

ఉక్కు గట్టిదనాన్ని బ్రినెల్ అంకెలో చెబుతారు. చిన్న గట్టి గుండును యంత్రంతో ప్లేటు మీద నొక్కి, పడ్డ గుంట ఎంత పెద్దదో కొలిచి లెక్క కడతారు. గుంట చిన్నదైతే అంకె పెద్దది. మనం గేట్లకూ, ట్రాలీలకూ వాడే ఎమ్మెస్ ప్లేటు అంకె ఇంచుమించు 120, 130 దగ్గర ఉంటుంది. టార్గెట్లకు వాడే అరుగుదల తట్టుకునే ప్లేటు అంకె 500 దాకా ఉంటుంది. దీన్ని ఏఆర్ 500 అంటారు. హార్డాక్స్ 500 లాంటి పేర్లతో కూడా దొరుకుతుంది. టిప్పరు తొట్లకూ, మట్టి తవ్వే యంత్రాల బకెట్లకూ, కంకర మిల్లులకూ ఇటువంటి జాతి ప్లేట్లే వాడతారు.

ఎయిర్ రైఫిల్: 10 మీటర్ల పోటీ రైఫిల్లో వాడే 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్‌కు ఉండే శక్తి చాలా తక్కువ. దీనికి ఏఆర్ 500 అక్కర్లేదు. 3 మిల్లీమీటర్ల ఎమ్మెస్ ప్లేటు చాలు. ఒక్క షరతు. సీసం పెల్లెట్లే వాడాలి. ఉక్కు గుళ్లు, మొన ఉన్న ఉక్కు పెల్లెట్లు ఇనుము మీద ఎప్పుడూ కొట్టకూడదు. అవి చితకవు, ఎగిరి వెనక్కే వస్తాయి.

పాయింట్ 22 రైఫిల్, పిస్టల్: ఇక్కడ ఎమ్మెస్ పనికిరాదు. బ్రినెల్ 500 ప్లేటు కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి. దూరం 10 మీటర్లకు తగ్గకూడదు.

పెద్ద రైఫిళ్లు: బ్రినెల్ 500 ప్లేటు 10 మిల్లీమీటర్లు, దూరం కనీసం 100 మీటర్లు. వేగం ఎక్కువున్న తూటా దగ్గర నుంచి తగిలితే ఇంత గట్టి ప్లేటుకూ గుంట పడుతుంది. ఉక్కు గర్భం ఉన్న తూటాలు ఏ ప్లేటు మీదా కొట్టకూడదు.

ఈ చివరి రెండూ అనుమతి ఉన్న రేంజిల సంగతి. ఇంటి దగ్గర చేసేవి కావు. అయినా చెప్పడానికి కారణం ఉంది. ఏ రైఫిల్ క్లబ్బు నుంచో మీ షాపుకు ఆర్డరు వస్తే ఎమ్మెస్ కోసి ఇచ్చెయ్యకండి.

కొనేటప్పుడు మోసపోకండి

రంగు వేశాక రెండు ప్లేట్లూ ఒకేలా కనబడతాయి. మొదట కంపెనీ టెస్టు సర్టిఫికెట్ అడగండి. అందులో ఉన్న హీట్ నంబరు ప్లేటు మీద నంబరుతో సరిపోవాలి. రెండో పరీక్ష ఆకురాయి. ఎమ్మెస్ అంచు మీద ఆకురాయి సులువుగా కొరుకుతుంది. 500 ప్లేటు మీద జారుతుంది, చాలా కష్టంగా గీత పడుతుంది. మూడోది తూకం. 20 సెంటీమీటర్ల గుండ్రటి ప్లేటు 10 మిల్లీమీటర్ల మందమైతే సుమారు రెండున్నర కిలోలు ఉండాలి. 6 మిల్లీమీటర్లదైతే కిలోన్నర. బాగా తక్కువ తూగితే మందం తగ్గినట్టే.

కొలిమి లెక్క మరవకండి

మన కమ్మరికి తెలిసిన సంగతే ఇది. కర్రు ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. మళ్లీ కాల్చి ఊరికే చల్లారనిస్తే మెత్తబడుతుంది. టార్గెట్టు ప్లేటూ అంతే. ఫ్యాక్టరీలో నీళ్లు పట్టించి దాన్ని గట్టి చేస్తారు. మనం గ్యాస్ కటింగుతో బెజ్జాలు పెట్టినా, కొక్కెం వెల్డింగు చేసినా ఆ చుట్టుపక్కల మెత్తబడిపోతుంది. తూటా అక్కడ తగిలితే గుంట పడుతుంది. పగులు కూడా రావచ్చు.

అందుకని గుండ్రంగా కోయడం, బెజ్జాలు వేయడం లేజర్‌తోనో, నీటి ధారతో కోసే యంత్రంతోనో చేయించాలి. ప్లాస్మాతో కోస్తే అంచు కొంత మెత్తబడుతుంది గాని గ్యాస్ కటింగంత నష్టం లేదు. ప్లేటుకు వెల్డింగు మాత్రం పెట్టకండి. బోల్టుతో బిగించండి. బోల్టు తల ముందువైపు గుండ్రంగా, నున్నగా ఉండాలి. నట్టు వెనక వైపు ఉండాలి.

స్టాండు ఎలా ఉండాలి?

ప్లేటు నిట్టనిలువుగా నిలబెట్టకూడదు. పై అంచు మీ వైపుకు వంగి, ముఖం నేలను చూస్తున్నట్టు ఉండాలి. 20 సెంటీమీటర్ల ప్లేటైతే పై అంచు కింది అంచుకన్నా 5 నుంచి 7 సెంటీమీటర్లు ముందుకు ఉండాలి. అప్పుడు చితికిన సీసం నేలలోకి పోతుంది. కింద సిమెంటు గచ్చు, రాళ్లు ఉండకూడదు. ఇసుకో, మెత్తటి మట్టో పొయ్యండి.

వేలాడదీయడానికి పాత కన్వేయరు బెల్టు ముక్కలు మంచివి. దెబ్బ తగిలినప్పుడు ప్లేటు కొంచెం వెనక్కి ఊగితే దాని మీద భారం తగ్గుతుంది, ఎక్కువకాలం మన్నుతుంది. గొలుసైతే లింకులకు తూటా తగిలి ఎటో ఎగరవచ్చు. కాళ్లకు యాంగ్లర్ వేస్తే బోలు వైపు మీకు కనబడకూడదు, వెన్ను వైపు కనబడాలి. అడుగున ఇసుక బస్తా వేస్తే స్టాండు కదలదు.

ఎయిర్ రైఫిల్‌కైతే ఇంకా తేలిక మార్గం ఉంది. 20 సెంటీమీటర్ల చదరపు పెట్టె చేయించి, లోపల 3 మిల్లీమీటర్ల ఎమ్మెస్ ప్లేటును ఏటవాలుగా, పెల్లెట్టు కిందికి జారేలా బిగించండి. అడుగున ఇసుక పొయ్యండి. ముందు కాగితం టార్గెట్టు తగిలించండి. పోటీల్లో కాగితం నడిమధ్య నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తున ఉంటుంది. స్టాండు ఆ ఎత్తుకే చేయిస్తే పిల్లలకు అలవాటు సరిగ్గా అవుతుంది. పెట్టె వెనక మట్టి కట్ట తప్పనిసరి. గురి తప్పిన పెల్లెట్టు వందల మీటర్లు పోగలదు. వెనక దారి, పశువుల పాక, పక్కవాళ్ల పొలం ఉంటే అక్కడ పెట్టనే వద్దు.

కోళ్లు, పశువులు జాగ్రత్త

ఇది ఎవరూ చెప్పని మాట. కోళ్లు గింజలు అరగడానికి చిన్న చిన్న రాళ్లు ఏరి మింగుతాయి. నేల మీద పడ్డ సీసం పెల్లెట్టును కూడా రాయి అనుకుని మింగుతాయి. కందనకాయలో అది అరిగి సీసం ఒంటికి ఎక్కుతుంది, కోడి చస్తుంది. పశువులకూ సీసం విషమే. గడ్డి మేసే చోట, కోళ్లు తిరిగే చోట టార్గెట్టు పెట్టకండి. రోజూ పెల్లెట్లు ఏరి డబ్బాలో వెయ్యండి. ఇసుక జల్లెడ పట్టండి. పిల్లలు సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని గాని అన్నానికి కూర్చోకూడదు.

చట్టం ఏమంటుంది?

2016 ఆయుధ నియమాల ప్రకారం శక్తి 20 జౌళ్లు, గొట్టం 4.5 మిల్లీమీటర్లు మించని ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కర్లేదు. మించితే కావాలి. బిల్లు దాచుకోండి. పంట కాపలాకో, ఆత్మరక్షణకో లైసెన్సు తుపాకి ఉన్నవారు పొలంలో ప్లేటు వేలాడదీసి కాల్చడం మొదలుపెట్టకండి. సాధన అనుమతి ఉన్న రేంజిలోనే చెయ్యాలి. ఎయిర్ గన్నుతో పిట్టల్ని కొట్టడం కూడా వన్యప్రాణి చట్టం కింద నేరమే. పిల్లలకు ఈ ముక్క మొదటిరోజే చెప్పండి.

చివరిగా ఒక్కటి

ఏ ప్లేటైనా, ఏ దూరమైనా, కొట్టేవాళ్లూ చూసేవాళ్లూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. వెల్డింగు షాపులో గ్రైండింగుకు వాడే పాలీకార్బొనేట్ అద్దాలు కొద్ది డబ్బులకే వస్తాయి. సాధనకు ముందు రోజూ ప్లేటు ముఖాన్ని ఒకసారి చేత్తో తడమండి. గుంటగాని, పగులుగాని, వంపుగాని చేతికి తగిలితే ఆ ప్లేటు పాత ఇనుము కొట్టుకే. తిప్పి పెట్టి రెండోవైపు వాడదామని చూడకండి.

ఆ రోజు పెద్దాయన డిస్కు పళ్లెం మళ్లీ చంకన పెట్టుకుని, "అయితే ఆ పెట్టే చెయ్యి మేస్త్రీ" అన్నాడు. పోయేముందు గోడకు వేలాడుతున్న గ్రైండింగు అద్దాలు చూపించి, అలాంటివి ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. ఒక్కటి కాదు, మూడు కావాలన్నాడు. కూతురికొకటి, పక్కన నిలబడి చూసే తమ్ముడికొకటి, తనకొకటి.