పంజరమా, పొట్టు పరచిన నేలా?

కోడిగుడ్డు ధర రైతు చేతిలో లేదు. చలికాలంలో అది ఎక్కుతుంది. ఎండలు ముదిరినప్పుడూ, కార్తీకమాసంలోనూ దిగుతుంది. మంచి ధర వచ్చేదాకా గుడ్లను దాచుకొనే వీలూ తక్కువే. కనుక రైతు జాగ్రత్తపడగలిగినది ఖర్చు విషయంలోనే. అందులో మొదటి ప్రశ్న: పెట్టను ఎక్కడ ఉంచాలి?

డీప్ లిట్టర్ పద్ధతిలో షెడ్డు నేలపై ఊకగాని, వేరుసెనగ పొట్టుగాని మందంగా పరచి కోళ్ళను వదులుతారు. పెట్ట ఒక్కింటికి సుమారు 2 చదరపు అడుగుల చోటు కావాలి. పెట్టుబడి తక్కువ; వాడిన పొట్టు పొలానికి ఎరువవుతుంది. అయితే పొట్టు తడిసినదా, అమ్మోనియా ఘాటు, కాక్సిడియోసిస్ వ్యాధి తప్పవు. గుడ్లు మురికి అవుతాయి. ఏరడానికి మనుషులు కావాలి.

తీగ పంజరాలలో ఈ చిక్కులు చాలావరకు తొలగినవి. వాలుగా ఉన్న అడుగుపై గుడ్డు దానంతట అదే ముందుకు దొర్లుతుంది. రెట్ట క్రిందికి జారిపోతుంది. ఒక పెట్టకు వాడుకలో దక్కే చోటు సుమారు 450 చదరపు సెంటీమీటర్లు. మనం వ్రాసుకొనే ఏ-4 కాగితం కూడా అంతకన్న పెద్దది!

అసలు లెక్క దాణాలో ఉన్నది. గుడ్డు ఖర్చులో 60 నుండి 70 శాతం దాణాదే. పెట్ట రోజుకు 110 గ్రాముల దాకా తింటుంది. నేలపై తిరిగే పెట్టకు కదలికవల్ల ఆకలి ఎక్కువ; చిమ్మి పారబోసేదీ ఎక్కువే. పెట్టకు 5 గ్రాములే అదనంగా పట్టినా, 10,000 కోళ్ళున్న రైతుకు రోజుకు 50 కిలోలు, ఏడాదికి 18 టన్నులకు పైగా దాణా అదనం. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడులలో పెద్ద ఫారాలు పంజరాలవైపు మొగ్గినది ఇందువల్లనే.

కాని పంజరానికీ వెల ఉన్నది. రెక్క చాచలేని పెట్టకు ఎముకలు బలహీనమవుతాయి. ఇనుముకు, షెడ్డుకు తెచ్చిన అప్పుపై వడ్డీ ఆగదు. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు రోగం సోకని ప్రాంతాలలో సైతం గిరాకీ పడిపోయింది. అటువంటి సమయంలో అప్పు ఎక్కువైనవాడికే దెబ్బ ఎక్కువ.

ఐరోపా సమాజం 1999లో చట్టం చేసి, 2012 జనవరి 1 నుండి వట్టి పంజరాలను నిషేధించినది. వాటి స్థానంలో వచ్చిన పంజరాలలో పెట్టకు 750 చదరపు సెంటీమీటర్లు, గూడు, వాలడానికి కర్ర ఉండాలి. అక్కడ గుడ్డుపై ముద్రించిన మొదటి అంకె పెంపకం తీరును చెబుతుంది: 3 అంటే పంజరం, 2 అంటే షెడ్డు నేల, 1 అంటే ఆరుబయట తిరిగినది, 0 అంటే సేంద్రియ పెంపకం. ఎక్కువ ధర ఎందుకిస్తున్నాడో కొనేవాడికి తెలుస్తుంది.

మన బజారులో గోధుమరంగు గుడ్డును చూసి నాటుగుడ్డని ఎక్కువ ధర ఇచ్చేవారు ఉన్నారు. కాని పెంకు రంగు కోడి జాతిని బట్టి వచ్చేది. అది ఎక్కడ పెరిగినదో చెప్పదు. 2017లో భారత న్యాయ కమిషన్ తన 269వ నివేదికలో గుడ్ల కోళ్ళ వసతిని ప్రత్యేకంగా పరిశీలించినది. చట్టం చోటును పెంచగలదు. కాని ఆ అదనపు చోటు ఖర్చంతా రైతుపైనే పడితే, ముందుగా షెడ్డు మూసేది చిన్నరైతే. గుడ్డు ధర పెరిగితే, ముందుగా మానుకొనేది పేద ఇల్లు. పెట్టకు రెక్క చాచుకొనే చోటు ఇవ్వడమెలాగన్న ప్రశ్నకు జవాబు చెప్పేవారు ఈ ఇద్దరినీ మరువరాదు.